నా ముప్పై ఒక్క నిమిషాలు

1. తదియ

పని పిలుపు రాక ఈ రోజుకి పదకొండో రోజు. పక్కవాడి చేతికి కంపెనీ తొడిగిన కడియం మోగినప్పుడల్లా నా మణికట్టు తడుముకుంటున్నాను. పొద్దున మా ఆవిడ నూకరత్నం చూసి నవ్వింది.

"అది మోగితే నీకే వినపడద్దిలేవయ్యా. తడిమితే మోగుద్దా ఏంటి?"

నాకు నవ్వు రాలేదు. ఇంకో నాలుగు రోజులు ఇలాగే పోతే కడియం చల్లబడుతుంది. చల్లబడ్డ కడియానికి తొట్టి పని ఇవ్వరు, గట్టుకి ఇసక బస్తాలు మోసే వరసలోకి తోసేస్తారు. అక్కడ అందరూ ఇరవై ఏళ్ళ వాళ్ళు. నాకు నలభై ఆరు. పైగా ఈ మూడో ఉప్పాడలో మంచినీళ్ళ వంతు కూడా కడియం వెచ్చగా ఉన్న ఇళ్ళకే ముందు వస్తుంది.

మొదటి ఉప్పాడ, రెండో ఉప్పాడ సముద్రంలో ఉన్నాయి. మా నాన్న మొదటిదాంట్లో పుట్టాడు, పెద్దయ్యాక దాని కప్పుల మీదుగానే పడవ నడిపి గుల్లల కోసం మునిగేవాడు. ఆయన వాడిన ఆటుపోట్ల పుస్తకంలో వెనక కాగితాలు ఖాళీగా ఉంటే వాటి మీద ఇది రాస్తున్నాను. రాసుకునేంత తీరిక ఉండటమే ప్రస్తుతం నాకున్న జబ్బు.

గట్టు మీద తొట్టి పనికి పద్నాలుగు మందిమి ఉన్నాం. నాచు ఉడికించే సిమెంటు తొట్లు, ఒక్కోటి రెండు నిలువుల లోతు. నాచు తోడేశాక అడుగున మిగిలే మడ్డిని దిగి గీకి ఎత్తాలి. యంత్రాన్ని దింపితే ఉప్పుకి మూడు నెలల్లో తుప్పు పడుతుంది. మనిషి తుప్పు పట్టడు. మా అర్హత అదొక్కటే.

తొట్టి ఖాళీ కాగానే కడియాలన్నీ మోగి, "ఎన్ని నిమిషాల్లో?" అని అడుగుతాయి. ఎవరు తక్కువ చెబితే పని వాళ్ళది. మేమందరం నలభై అంటాం. నా ఎరికలో ఎవరూ ఇంకో అంకె అనలేదు. అందరూ ఒకే మాట చెబితే కడియం తనకి తోచిన వాళ్ళని ఎంచుకుంటుంది. మిగతావాళ్ళకి రోజుకి రెండేసి పిలుపులు వస్తున్నాయి. నలభై ఐదు దాటినవాణ్ణి అది ఎంచుకోదని గట్టు మీద కిళ్ళీలు పెట్టే బుల్లెమ్మత్త అంటుంది. నిజమో కాదో ఎవరికీ తెలీదు. నన్నయితే ఎంచుకోవడం లేదు.

ఆ నలభైలో తొమ్మిది నిమిషాలు పని ఉండదు. మూత తీశాక లోపలి చెడు గాలి పోవాలి. అంతవరకూ దిగేవాడు గట్టు మీద కూర్చుని ఒక కిళ్ళీ నమలాలి. అది బుల్లెమ్మత్త పెట్టిన కట్టుబాటు. ఆవిడ పదిహేనేళ్ళు తొట్లలో దిగి, వాసన తెలియడం పోయాక కిళ్ళీల బుట్ట పట్టుకుంది. కిళ్ళీ ఎవరిది వాళ్ళు తెచ్చుకోకూడదు, ఆవిడ చేత్తో నోట్లో పెట్టాలి. అది అయిపోయేదాకా మెట్టు మీద కాలు పెడితే ఊరుకోదు.

"గడియారాలు అబద్ధాలాడతాయిరా. తమలపాకాడదు" అంటుంది.

2. చవితి

రాయడానికి చెయ్యి రావడం లేదు. కానీ రాస్తాను.

ఇవాళ మధ్యాహ్నం దాదాపు అందరూ పాకలో అన్నాల దగ్గరున్నారు. దక్షిణం మలుపులో ఉన్న పదిహేడో తొట్టి ఖాళీ అయింది. కడియం అడిగింది. నేను పాక వెనక్కి వెళ్ళి, కడియాన్ని నోటికి దగ్గరగా పెట్టుకుని, గొంతు తగ్గించి "ముప్పై ఒకటి" అన్నాను.

వెంటనే పచ్చగా వెలిగింది. పదకొండు రోజుల తర్వాత మణికట్టు వెచ్చబడింది. నిజం చెప్పాలంటే ఆ వెచ్చదనానికి నాకు ఏడుపొచ్చింది.

ఎలా చేశానంటే, ఊపిరి పట్టి. మా నాన్న నాకిచ్చిన ఆస్తి అదే. ఆయన రెండున్నర నిమిషాలు మునిగేవాడు, నేను రెండు. మూత తిప్పి, గుండెల నిండా గాలి పీల్చి, ముక్కు మూసుకుని గబగబా దిగాను. రెండు నిమిషాలు గీకి పైకొచ్చి రొప్పాను. మళ్ళీ దిగాను. అలా నాలుగు మునకలు వేసేసరికి చెడు గాలి దాని దారిన అది పోయింది. ముప్పై ఒకటిలో మడ్డి మొత్తం పైన ఉంది. చెవులు హోరెత్తిపోయాయి.

సిగ్గు అప్పుడు కలగలేదు, అది కూడా రాయాలి. అప్పుడు గర్వమేసింది. ఈ గట్టు మీద ఇంకెవడూ చెయ్యలేడురా అనుకున్నాను. మీసం మీద చెయ్యి కూడా వేశాను.

3. పంచమి

పొద్దున్నే అందరి కడియాల్లో ఒకే మాట. "శుభోదయం. మీలో ఒక మిత్రుడు తొట్టి పనిని 31 నిమిషాల్లో పూర్తి చేశారు. మీరూ చేయగలరు." కంపెనీ వాళ్ళు మమ్మల్ని పనివాళ్ళనరు, మిత్రులంటారు.

ఆ తర్వాత మొదటి తొట్టి ఖాళీ అయింది. కడియం అడిగే మాట మారిపోయింది. "31 నిమిషాల్లో చేస్తారా?" అవును, కాదు. అంతే.

అందరూ కలిసి ఒంటిగంట దాకా "కాదు" అన్నారు. అందరితో పాటు నేనూ అన్నాను. ఒంటిగంటకి అవతలి గట్టు వాళ్ళు వ్యానులో దిగి మా తొట్లలో పని మొదలుపెట్టారు. ముప్పై ఒకటికి వాళ్ళు ఒప్పుకున్నారట. వాళ్ళకీ పొద్దున్నే అదే కబురు వచ్చిందట. నా ముప్పై ఒకటి ఒక్క పూటలో ఈ తీరమంతా పాకేసింది. 

సాయంత్రం పాకలో అందరూ కూర్చున్నారు. బుల్లెమ్మత్త బుట్ట పక్కన పెట్టేసింది.

"ఎవర్రా ఆ మిత్రుడు?" అంది.

 పంపన గంగరాజుకి ఎప్పుడూ నోరు ముందు నడుస్తుంది. వాడు లేచి, మూల కూర్చున్న యోహాను వైపు చూశాడు.

యోహాను లంకల వైపు మనిషి. వాళ్ళ లంక నీటిపాలైతే పెళ్ళాం సలోమితో రెండు నెలల కిందట ఇక్కడికొచ్చాడు. అతను కిళ్ళీ నమలడు, అలవాటు లేదు. బుల్లెమ్మత్త ఇచ్చిన కిళ్ళీ చేతిలో పట్టుకుని తొమ్మిది నిమిషాలూ సముద్రాన్ని చూస్తూ కూర్చుని, తిరిగి ఆవిడ బుట్టలోనే పెట్టేస్తాడు. మాకది నవ్వులాటగా ఉండేది.

"నమలనోడికి ఆగాలని ఏం తెలుద్దండీ?" అన్నాడు గంగరాజు. "నిన్న మధ్యాహ్నం ఈయన తొట్టిలోనే ఉన్నాడు. నేను చూసేను."

"నేను నలభయ్యే చెప్పేనండి" అన్నాడు యోహాను. "దేవుడి తోడు. ఆగేకే దిగేను."

అప్పుడు బుల్లెమ్మత్త నా వైపు తిరిగింది. ఇక్కడ నేనే పాత కాపుని. నా మాటకి విలువుంది, నిన్నటిదాకా దానికి నేను అర్హుణ్ణి కూడా.

"లోవరాజూ, నువ్వేవంటావు?"

 నేనని చెప్పెయ్యడానికి నోరు తెరిచాను. నోటి నుంచి వచ్చింది మాత్రం వేరే.

"ఏమో అత్తా, చూడందే ఎలా చెబుతాం? అయినా కొత్తవాళ్ళకి మన పద్ధతి పట్టుబడాలంటే టైము పడద్ది కదా."

అంతే అన్నాను. అతని పేరు ఎత్తలేదు. ఎత్తలేదు కదా అని ఇంటికొచ్చేదాకా నాకు నేనే చెప్పుకున్నాను. యోహాను నన్ను చూసిన చూపు మాత్రం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. అతను నా మీద కోపంగా చూడలేదు. నేనైనా తన తరఫున ఒక మాట అంటానని ఎదురుచూశాడు.

4. షష్ఠి

బుల్లెమ్మత్తే దారి కనిపెట్టింది. పని ఒప్పుకున్నవాడు తొట్టి దగ్గరికి వచ్చాకే కడియం నిమిషాలు లెక్కపెడుతుంది. మూత అంతకుముందే ఎవరు తీశారో దానికి పట్టదు. కాబట్టి తొట్టి ఖాళీ అవగానే దగ్గరున్నవాడు వెళ్ళి మూత తిప్పి పెడతాడు. దిగేవాడు దూరంగా కూర్చుని కిళ్ళీ నమిలి, తీరిగ్గా నడిచొచ్చి దిగుతాడు. పిలుపు ఒప్పుకున్నవాడు తన తొట్టి దగ్గరికి పది నిమిషాల్లో చేరాలి, ఆ తొమ్మిదీ అందులో ఇమిడిపోతాయి. తన మూత తనే తీద్దామంటే కుదరదు. తొట్టి దగ్గరికి వచ్చాడంటే కడియం పసిగట్టి నిమిషాలు మొదలెట్టేస్తుంది.

అంటే ఎవరి ఊపిరి వాళ్ళ చేతిలో లేదు, పక్కవాడి చేతిలో ఉంది. పద్ధతి బాగా కుదిరింది. నేను కూడా ఇవాళ ముగ్గురికి మూతలు తీశాను. అవసరం లేకపోయినా పరిగెత్తి మరీ తీశాను.

యోహానుకి ఎవరూ తియ్యలేదు.

రెండుసార్లు చూశాను. అతను దూరంగా నిలబడి తన తొట్టి వైపు చూస్తూ ఉన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నడుములు సవరించుకుంటున్నారు, తలపాగాలు చుట్టుకుంటున్నారు. పదో నిమిషంలో అతనే వెళ్ళి, మూత తిప్పి, నోటికి తువ్వాలు కట్టుకుని దిగాడు. రెండోసారి నేను అతని తొట్టికి ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను. తీస్తే గంగరాజు చూస్తాడు. వాడి కోసం తీశావేంటి, నీకెందుకంత జాలి అంటాడు. అక్కడి నుంచి ఆలోచన ఎటు పోతుందోనని భయపడ్డాను. నేనూ తలపాగా చుట్టుకున్నాను.

ఇంటికొస్తే నూకరత్నం నీళ్ళ బిందెలు నింపి పెట్టుంది. మాకు వంతు ముందే వచ్చిందట. కడియం ఇప్పుడు నన్ను వదలడం లేదు, ఇవాళ ఒక్కరోజే నాలుగు పిలుపులు. ఆవిడ నా చెవుల వంక చూసింది. చవితినాడు ఇంటికొచ్చి, ఊపిరి బిగపట్టి మునిగిన రోజుల్లోలాగే వినపడటం లేదని రెండుసార్లు అడిగించుకున్నాను కదా.

"ఆ ముప్పై ఒకటి..." అని మొదలెట్టింది. తర్వాత బిందె మీద మూత పెట్టి, "అన్నం తింటావా?" అంది.

ఆవిడకి తెలుసు. నా సిగ్గులో ఆవిడకీ వాటా పెట్టాను.

5. అష్టమి

పదకొండు గంటలప్పుడు. ఎండ మండిపోతోంది, గాలి బొత్తిగా లేదు. గాలి లేని రోజు తొట్టి మంచిది కాదని అందరికీ తెలుసు. యోహానుకి తొమ్మిదో తొట్టి వచ్చింది. ఎవరూ మూత తియ్యలేదు. నేను తియ్యలేదు.

అతను దిగిన కాసేపటికి పార చప్పుడు ఆగిపోయింది. ఎవరైనా గమనించారో లేదో నాకు తెలీదు, నేను మాత్రం ఆ చప్పుడు కోసమే చెవి పెట్టి ఉన్నాను. పరిగెత్తాను. అంచు మీద నుంచి చూస్తే మడ్డిలో బోర్లా పడి ఉన్నాడు.

మడ్డి ఎత్తే తాడు అందుకుని, గాలి పీల్చి దిగాను. మనిషి బరువు, మడ్డి బరువు. చంకల కింద తాడు వేసి ముడి బిగించేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. తాడు లాగి సైగ చేశాను. పైన గంగరాజు, ఇంకో ఇద్దరు లాగారు. నేను ఎలా పైకొచ్చానో నాకు తెలీదు.

యోహాను బతికాడు. ఛాతీ మీద నొక్కితే కాసేపటికి దగ్గాడు. బుల్లెమ్మత్త ఏడుస్తూ అతని నోట్లో మడ్డి వేలితో తీసింది. ఆ తర్వాత వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"నువ్వు లేకపోతే ఆ పిల్ల సలోమి గతేంట్రా?" అంది.

గంగరాజు నన్ను భుజాల మీద ఎత్తుకోబోయాడు. "అంతసేపెలా ఉన్నావు బాబాయ్ లోపల? చేపవా మనిషివా?" అన్నాడు. ఎంత తెలివి తక్కువ వాడంటే, అప్పుడు కూడా వాడికి అనుమానం రాలేదు. అందుకు సంతోషించాను. ఆ సంతోషం తల్చుకుంటే ఇప్పుడు నా మొహం నాకే చూపించుకోబుద్ధి కావడం లేదు.

కడియంలో కబురొచ్చింది. "తోటి మిత్రుడికి సాయపడినందుకు అభినందనలు." తొమ్మిదో తొట్టి సమయం మించిపోయిందని యోహాను కడియం పని నమోదు కొట్టేసింది.

6. దశమి

సలోమి నిన్న మా ఇంటికొచ్చింది. గిన్నెలో చేపల పులుసు తెచ్చింది. ఆ ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగడం లేదని నాకు తెలుసు.

"బాబాయిగారు తింటారో లేదో, ఉప్పు చూసి పెట్టండి పిన్నీ" అంది నూకరత్నంతో. నన్ను చూసి దణ్ణం పెట్టింది. యోహాను లేచి కూర్చుంటున్నాడట. కానీ చేతులు వణుకుతున్నాయి, గ్లాసు పట్టుకోలేకపోతున్నాడు. డాక్టరు ఆరు నెలల దాకా దిగకూడదన్నాడట, ఆ తర్వాతా తెలీదన్నాడట. ఆరు నెలలంటే కడియం పూర్తిగా చల్లబడిపోతుంది. పదిహేను రోజుల్లోపు ఇంట్లో ఇంకొకరు తొడుక్కుంటే మాత్రం నిలుస్తుంది.

"తొడుక్కుంటానండి" అంది. "రేపే అడుగుతాను."

ఆవిడ వెళ్ళాక గిన్నె ముందు కూర్చున్నాను. ఒక్క ముద్ద దిగలేదు. నూకరత్నం గిన్నె పక్కకి జరిపి అంది.

"చెప్పెయ్యవయ్యా. నీళ్ళు లేకపోతే లేకపోయాయి. ఈ పులుసు నేను తినలేను."

7. ద్వాదశి

చెప్పేశాను.

మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. యోహాను మంచం మీద ఉన్నాడు. బుల్లెమ్మత్త, గంగరాజు, ఇంకో నలుగురు పలకరింపుకి వచ్చి గడపలో కూర్చున్నారు. ఇంతమందిలో కాదు, ఒంటరిగా చెబుదాం అనిపించింది. అనిపించగానే అది పిరికితనమని అర్థమై నిలబడే చెప్పాను. పదిహేడో తొట్టి, పాక వెనక, ముప్పై ఒకటి, నాలుగు మునకలు. పంచమినాడు పాకలో నేనన్న మాట. మూత తియ్యకుండా తలపాగా చుట్టుకున్న సంగతి. ఏదీ వదల్లేదు. చెబుతున్నంతసేపూ నేల వంకే చూశాను.

బుల్లెమ్మత్త లేచింది. నోట్లో ఉన్న కిళ్ళీ నా కాళ్ళ దగ్గర ఉమ్మేసింది.

"నిన్ను పాతికేళ్ళుగా నా చేత్తో తినిపించేన్రా" అని, బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది.

 యోహాను నన్ను ఒక్కసారి చూసి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. దుప్పటి మీద అతని చేతులు వణుకుతూనే ఉన్నాయి. కొడతాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. అవి ఉంటే బాగుండేది.

మిగతావాళ్ళు తన్ని తరిమేస్తారని సిద్ధపడి నిలబడ్డాను. ఎవరూ లేవలేదు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. గంగరాజు గొంతు సవరించుకున్నాడు.

"తప్పు తప్పేలే బాబాయ్. అది కాదు గానీ..." అని ఆగాడు. "ఊపిరెలా పడతావు? గాలి లేని రోజుల్లో ముందే మూత తీసినా లాభం లేకపోతాంది. అది మాకూ వత్తే బాగుండును."

మిగతా నలుగురూ నా వైపు చూశారు. ఆ కళ్ళలో కోపం ఉంది, కాదనను. కానీ దానికంటే ముందు ఆత్రం కనిపించింది. వాళ్ళకి రేపు పొద్దున్న పని ఉంది, నన్ను అసహ్యించుకునే తీరిక లేదు.

సలోమి వంటింటి తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. దగ్గరికొచ్చింది. ఆవిడ చేతికి అప్పటికే యోహాను కడియం ఉంది. వదులుగా ఉందని గుడ్డపీలిక చుట్టుకుంది.

"మా ఆయన మిమ్మల్ని క్షమించడు. నేనూ క్షమించనండి" అంది మెల్లగా. "ఎల్లుండి నుంచి నేను తొట్లలో దిగాలి. ఊపిరి పట్టడం నేర్పండి."

8. త్రయోదశి

పొద్దున్నే మా ఇంటి ముందు ఏడుగురు, ఏడు బకెట్లు. ఉప్పునీళ్ళే, సముద్రంలోంచి ముంచుకొచ్చారు. బుల్లెమ్మత్త రాలేదు.

మా నాన్న నాకు ఎలా నేర్పాడో అలాగే చెప్పాను. ముందు పొట్టలోకి గాలి, తర్వాత ఛాతీలోకి. భయం వేస్తే మింగినట్టు చెయ్యాలి. లెక్క మీరు పెట్టుకోకూడదు, ఒడ్డున ఉన్నవాడు పెట్టాలి. ఎవరికైనా కళ్ళు తిరిగితే వెంటనే చెప్పమన్నాను.

గంగరాజు నాలుగోసారికే నిమిషం దాటించాడు. తల తుడుచుకుంటూ నా పక్కకి చేరి, మిగతావాళ్ళకి వినపడకుండా అడిగాడు.

"బాబాయ్, ఇది బాగా వత్తే ఇరవై ఎనిమిదికి దించొచ్చంటావా?"

"నోర్ముయ్" అన్నాను. అన్నాక సిగ్గేసింది. ఆ మాట అనడానికి ఈ గట్టు మీద అందరికంటే హక్కు లేనివాణ్ణి నేనే. వాడికీ ఆ సంగతి తెలుసు. నవ్వి, తన బకెట్టు దగ్గరికి వెళ్ళిపోయాడు.

సలోమి మొహం నీళ్ళలో ముంచింది. నేను పక్కన కూర్చుని లెక్కపెట్టాను. ఇరవై దగ్గర భుజాలు బిగుసుకున్నాయి. ముప్పై దగ్గర చేతులు బకెట్టు అంచుని గట్టిగా పట్టుకున్నాయి. ఆవిడ లేచేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. కాసేపు రొప్పింది.

"ఎంతొచ్చింది మాస్టారూ?" అంది.

నన్ను ఇంతవరకూ ఎవరూ అలా పిలవలేదు. తల దించుకుని, "నలభై రెండు సెకన్లు" అన్నాను. రెండు నిమిషాలు కావాలంటే ఇంకా చాలా దూరం. రేపటి లోపు రాదు.

"చాలదుగా" అంది. ఊపిరి పీల్చుకుని మళ్ళీ తల ముంచింది. నేను ఒకటి నుంచి మొదలుపెట్టాను.